అమ్మమ్మ ఊకొట్టింది

నిరుడు అక్టోబర్‌లో, నాలుగో తరగతిలో, మా వాడు మొదటిసారి బుక్ రిపోర్ట్ ఇచ్చాడు. చదివిన పుస్తకం గురించి క్లాసు ముందు నిలబడి మూడు నిమిషాలు చెప్పాలి. చేతిలో ఇండెక్స్ కార్డులు ఉండొచ్చు గానీ వాటిని చూసి చదివెయ్యకూడదు. నాకు తెలిసిన పద్ధతిలో నేనే తయారు చేశాను. ఒకటిన్నర పేజీ రాసిచ్చి వారం రోజులు కంఠతా పట్టించాను. మూడో వాక్యంలో ఒక్క మాట మర్చిపోయాడట. ఇక తర్వాతిదేదీ గుర్తు రాలేదు. టీచర్ ఊరడింపుగా "ఇందులో నీకు నచ్చనిదేమిటి?" అని అడిగారట. దానికీ నోరు పెగల్లేదు. నేను రాసిచ్చిన దాంట్లో ఆ సంగతి లేదు.

ఆ సాయంత్రం కారులో వాడు ఏడ్చినా బాగుండేది. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

తెనాలిలో మేం చదువుకునేటప్పుడు క్లాసులో నోరు విప్పడమంటే అప్పజెప్పడమే. చేతులు కట్టుకుని, చూపు దించుకుని, ఎక్కాలో సుమతీ శతకమో గడగడా చెప్పెయ్యాలి. (ఆ పద్యాలు ఇవాళ్టికీ నా నోటికొచ్చు. ఆ చదువును తక్కువ చెయ్యను.) పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడితే పొగరనేవాళ్ళు. ఇక్కడ ఫ్రీమాంట్‌లో మా వాడికిచ్చిన మార్కుల కాగితంలో, వినేవాళ్ళ కళ్ళలోకి చూడటానికే విడిగా ఒక వరస ఉంది. ఏ తరగతి పిల్లలకి ఏమేం రావాలో చెప్పే కామన్ కోర్ ప్రమాణాలు, కాలిఫోర్నియా 2010లో తీసుకున్నవి, తెరిచి చూశాను. చదవడం, రాయడంతో పాటు మాట్లాడటం, వినడం కూడా అందులో ఒక విభాగం. నాలుగో తరగతి పిల్లలు ఒక విషయాన్ని వరసగా, తగిన వివరాలతో, స్పష్టంగా, వినేవాళ్ళు అందుకునే వేగంతో చెప్పగలగాలట. నేను చేయించినది అదేమీ కాదు.

మార్చిలో రెండోది వచ్చినప్పుడు ఒక్క వాక్యం కూడా రాసివ్వలేదు. ఇక్కడ రాత్రి ఏడున్నర, అక్కడ పొద్దున ఎనిమిది. అమ్మకి వీడియో కాల్ చేసి ఫోన్ వాడికిచ్చాను. "అమ్మమ్మకి ఆ కథ చెప్పు నాన్నా" అన్నాను.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని ప్రతి వాక్యానికీ "ఊ" కొట్టింది. వాడు ఆగితే "ఆఁ, తర్వాత?" అంది. తప్పిపోయిన కుక్క కోసం ఒంటరిగా ఊరంతా వెతికే అమ్మాయి కథ అది. షెల్టర్‌కి తెలుగు మాట దొరక్క వాడు "కుక్కల హాస్టల్" అన్నాడు. అమ్మకి వెంటనే అర్థమైంది.

"వాళ్ళమ్మకి చెప్పకుండా ఎందుకెళ్ళిందిరా ఆ పిల్ల?"

"చెప్తే వెళ్ళనివ్వదు కదా అమ్మమ్మా! కానీ చెప్పాల్సింది. నాకు అదే నచ్చలేదు."

నేను స్టవ్ ఆపేసి విన్నాను. అక్టోబర్‌లో టీచర్ అడిగినదానికి వాడు జవాబు చెబుతున్నాడు, అదీ తెలుగులో.

నాలుగు రాత్రులు అదే కథ చెప్పాడు, ఏ రాత్రి మాటలు ఆ రాత్రివే. కుక్క పేరేమిటని అమ్మ మొదటి రోజు అడిగింది కాబట్టి రెండో రోజు పేరుతోనే మొదలుపెట్టాడు. కార్డుల మీద చివరికి ఐదారు మాటలు రాసుకున్నాడు, అంతే.

క్లాసులో ఎలా చెప్పావని అడిగాను.

"మధ్యలో ఒకసారి ఆగిపోయానమ్మా. ఎవరూ ఊ అనలేదు. నేనే మనసులో ఊ అనుకుని, తర్వాతది చెప్పాను."