బుల్లి ఎడిటర్ చిట్టా: కీ నొక్కడం వేరు, అక్షరం రావడం వేరు

సీ భాషలో, ఎస్‌డీఎల్ 2 (కీబోర్డు, మౌస్, తెరలతో మాట్లాడే లైబ్రరీ) మీద కడుతున్న చిన్న టెక్స్ట్ ఎడిటర్ పని ఎంతదాకా వచ్చిందో రాసుకునే చిట్టా ఇది. ఫైలు తెరవడం, సేవ్ చేయడం, హార్ఫ్‌బజ్‌తో తెలుగు అక్షరాలను తెర మీద పేర్చడం ఇదివరకే అయిపోయాయి. పనుల జాబితాలో చివరగా "కీబోర్డు, మౌస్ కలపాలి" అని ఒక్క లైను మిగిలింది. ఆ ఒక్క లైను ఆరు వారాలు మింగింది.

వారం 1: ఈవెంట్ లూప్

మొదటి బగ్ రెండక్షరాల మాటలో దొరికింది. కీ నొక్కినా మౌస్ కదిలినా వచ్చే కబురే ఈవెంట్, అవి క్యూలో చేరతాయి. ఆ క్యూలోంచి ఒక్కొక్కటి తీసే పోల్‌ఈవెంట్‌ను లూప్‌లో "వైల్"తో కాకుండా "ఇఫ్"తో పిలిస్తే ఒక్కో ఫ్రేముకు ఒక్క ఈవెంటే బయటికి వస్తుంది. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు కబురు పంపుతుంది. గేమింగ్ మౌస్ అయితే 1000 సార్లు. తెర సెకనుకు 60 ఫ్రేములు గీస్తుంటే ప్రతి సెకనుకూ 940 ఈవెంట్లు వెనకబడతాయి. పది సెకన్లు మౌస్ తిప్పి చెయ్యి తీసేస్తే, ఆ బాకీ తీరడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. అంతసేపూ కర్సర్ దెయ్యం పట్టినట్టు దానంతటదే తిరుగుతుంది. ఎస్‌డీఎల్ 2 క్యూ పరిమితి 65,535. ఆపకుండా తిప్పితే 70 సెకన్లలో అదీ నిండుతుంది. ఆ తర్వాత వచ్చేవి నేలపాలు. ఏ కీలు నొక్కి ఉన్నాయో సొంతంగా రాసుకునే ప్రోగ్రాముకు అందులో "కంట్రోల్ కీ వదిలారు" అన్న కబురు ఉంటే ఇక ఏ కీ నొక్కినా షార్ట్‌కట్టే.

ఈ బగ్ ఎక్స్11 (లినక్స్‌లో విండోలు, కీబోర్డు, మౌస్ చూసుకునే పాత వ్యవస్థ) మీద బాగా కనబడుతుంది. విండోస్ మౌస్ కదలికలను కలిపి తాజా స్థానం ఒక్కటే చెబుతుంది కాబట్టి అక్కడ అంతగా బయటపడదు. "నా మెషీన్‌లో బాగానే ఉంది" అనే పాత మాటకు ఇంత మంచి ఉదాహరణ అరుదు.

ఇప్పుడున్న పద్ధతి: క్యూ ఖాళీ అయ్యేదాకా "వైల్", కదలికల్లో చివరి స్థానం మాత్రమే గుర్తుంచుకోవడం, గీయడం ఒక్కసారే. క్లిక్కులు, కీలు మాత్రం వచ్చిన వరసలోనే నడవాలి, వాటిని కలపకూడదు.

వారం 2: ఒక నొక్కుడు, మూడు పేర్లు

కీ నొక్కినప్పుడు ప్రోగ్రాముకు వేర్వేరుగా మూడు సంగతులు తెలుస్తాయి. కీబోర్డు మీద ఆ కీ ఎక్కడుందో చెప్పేది స్కాన్‌కోడ్. యూఎస్‌బీ కీబోర్డు లెక్క ప్రకారం "ఎ" ఉన్న చోటు 4, ఎస్‌డీఎల్ కూడా అదే అంకె వాడుతుంది. ఇప్పుడున్న లేఅవుట్‌లో ఆ కీకి ఏ గుర్తు ఉందో చెప్పేది కీకోడ్. ఇక నిజంగా రాయవలసిన మాట టెక్స్ట్‌ఇన్‌పుట్ అనే వేరే ఈవెంట్‌లో వస్తుంది. కీబోర్డు గొడవల్లో సగానికి మూలం ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం. ఫ్రెంచి కీబోర్డులో మన "డబ్ల్యూ" చోట "జెడ్" ఉంటుంది. ఆటలో నడిపించే కీలకు చోటు ముఖ్యం, అన్‌డూకు గుర్తు ముఖ్యం, బఫర్‌కు (ఫైల్లోని రాత ఉండే మెమరీకి) మాట ముఖ్యం.

ఎడిటర్ మొదటి వెర్షన్ కీడౌన్ ("కీ నొక్కారు" అనే ఈవెంట్) నుంచే అక్షరాలు తీసుకునేది, షిఫ్ట్ ఉంటే పెద్దక్షరం అని తనే తేల్చుకునేది. క్యాప్స్‌లాక్, డెడ్ కీలు (తర్వాతి అక్షరానికి గుర్తు తగిలించే కీలు), ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు లేఅవుట్), అన్నీ అక్కడే చతికిలబడ్డాయి. ఆ కోడంతా తీసేశాం. రాత మొత్తం ఇప్పుడు టెక్స్ట్‌ఇన్‌పుట్ నుంచే వస్తుంది. ఎంటర్, ట్యాబ్, బ్యాక్‌స్పేస్, బాణాలు మాత్రం కీడౌన్ నుంచి. నంబర్ ప్యాడ్ ఎంటర్‌కు వేరే కీకోడ్ ఉంటుంది, దాన్ని మరిచిపోని ఎడిటర్ ఇంకా పుట్టలేదు. ఎస్‌డీఎల్ 2లో డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఇన్‌పుట్ ముందే తెరిచి ఉంటుంది; 3కు మారితే విండోకు విడిగా అడగాలి, లేకపోతే ఒక్క అక్షరమూ రాదు.

ఇక్కడ రెండు గోతులు. ఒకటి: టెక్స్ట్‌ఇన్‌పుట్‌లో మాటకు 32 బైట్ల పెట్టె ఉంటుంది, చివరి సున్నా పోను 31. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్‌కు (యూనికోడ్‌లో విడి అంకె ఉన్న ఒక్కో గుర్తుకు) 3 బైట్లు కాబట్టి అందులో పట్టేవి పదే. లిప్యంతరీకరణ పరికరం (ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినదాన్ని తెలుగులోకి మార్చేది) "విశ్వవిద్యాలయం" అని ఒకేసారి పంపితే అది 14 కోడ్‌పాయింట్లు. ఇటీవలి విడుదలల్లో అది రెండు ఈవెంట్లుగా తెగుతుంది: ముందు "విశ్వవిద్య", తర్వాత దీర్ఘం గుర్తుతో మొదలయ్యే మిగతా ముక్క. ప్రతి ఈవెంట్‌నూ సొంతంగా నిలబడే మాట అనుకుని విడిగా పేరిస్తే ఆ దీర్ఘం చుక్కల సున్నాకు తగిలి వేలాడుతుంది. ముందు బఫర్‌లో కలపాలి, పేర్పు ఎప్పుడూ లైను మొత్తానికి చేయాలి.

రెండోది: విమ్ ఎడిటర్ తరహాలో, ఒకే కీ ఒక మోడ్‌లో ఆదేశంగా, ఇంకోదాంట్లో అక్షరంగా నడిచేలా మోడ్లు పెట్టినవాళ్లందరూ పడే గొయ్యి. "ఐ" నొక్కితే కీడౌన్ వస్తుంది, ఇన్సర్ట్ మోడ్ తెరుచుకుంటుంది. వెంటనే అదే నొక్కుడుకు టెక్స్ట్‌ఇన్‌పుట్ కూడా వచ్చి, తెరిచిన తలుపులోంచి "ఐ" లోపలికి దూరి ఫైల్లో కూర్చుంటుంది. "తర్వాతి మాటను మింగు" అని జెండా ఎత్తితే సరిపోతుంది అనిపిస్తుంది. కానీ ఆ నొక్కుడుకు మాటే రాకపోతే జెండా అలాగే నిలబడి, తర్వాత కొట్టిన అసలు అక్షరాన్ని మింగుతుంది. కాబట్టి ప్రతి కొత్త కీడౌన్‌కూ జెండా దించాలి. ఇంకా మేలైన దారి: అక్షరాలతో ఉన్న మోడ్ కమాండ్లను కూడా టెక్స్ట్‌ఇన్‌పుట్‌లోనే వినడం. ప్రస్తుతం అదే నడుస్తోంది.

వారం 3: షార్ట్‌కట్లు

మోడిఫైయర్ (కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ లాంటి తోడు కీల స్థితిని చెప్పే అంకె) "కంట్రోల్‌కు సమానమా" అని పోల్చిన కోడ్ ఒక్కసారీ నిజం కాలేదు. కారణం: ఎడమ కంట్రోల్ విలువ 64, కుడిది 128, ఉమ్మడి పేరు విలువ 192. సమానం కావాలంటే రెండు కంట్రోళ్లనూ ఒకేసారి నొక్కాలి. ఆ విన్యాసం చేసినా నమ్‌లాక్ వెలుగుతుంటే 4096, క్యాప్స్‌లాక్ ఉంటే 8192 తోడవుతాయి. ముందు ఆ రెండింటినీ బిట్ మాస్క్‌తో చెరిపి, మిగిలినదాన్ని "కంట్రోల్ ఉందా, ఆల్ట్ ఉందా, షిఫ్ట్ ఉందా" అనే మూడు ప్రశ్నలకు కుదించాలి.

కంట్రోల్ + ఆల్ట్ + అక్షరం అనే షార్ట్‌కట్లు ఒక్కటీ పెట్టలేదు. విండోస్‌లో ఆల్ట్‌జీఆర్ నొక్కితే కుడి ఆల్ట్‌తో పాటు నొక్కని ఎడమ కంట్రోల్ కూడా వస్తుంది. పోలిష్ లేఅవుట్‌లో ఆల్ట్‌జీఆర్ + ఎస్ అంటే నెత్తిన గీత ఉన్న ఎస్. కంట్రోల్ + ఆల్ట్ + ఎస్‌ను "వేరే పేరుతో సేవ్" చేస్తే పోలిష్‌లో రాసేవాళ్లకు ఆ అక్షరం బదులు ప్రతిసారీ డబ్బా తెరుచుకుంటుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో చిక్కు ఇంకోలా ఉంటుంది. "ఎస్" కీ మీద ఏత్వం ఉంటుంది కాబట్టి కీకోడ్‌గా ఏత్వం గుర్తు వస్తే కంట్రోల్ + ఎస్ ఎవరికీ అర్థం కాదు. దీనికి పెట్టిన నియమం: కీకోడ్ 128 కంటే తక్కువైతే దాన్నే నమ్మాలి, లాటిన్ కాని గుర్తు అయితే స్కాన్‌కోడ్ చూసి అమెరికన్ లేఅవుట్‌లో ఆ చోట ఉండే అక్షరం తీసుకోవాలి. ఫ్రెంచి కీబోర్డుకూ తెలుగు కీబోర్డుకూ ఇద్దరికీ ఇది సరిపోయింది. కేవలం స్కాన్‌కోడ్‌నే వాడితే తెలుగు బాగుపడి ఫ్రెంచి చెడుతుంది.

రిపీట్ సంగతి చిన్నదే. కీ పట్టుకుని ఉంచితే వచ్చే కీడౌన్‌లకు రిపీట్ గుర్తు ఉంటుంది. బాణాలకు, బ్యాక్‌స్పేస్‌కు, అన్‌డూకు దాన్ని ఒప్పుకోవాలి. సేవ్‌కు ఒప్పుకోకూడదు: విండోస్‌లో గరిష్ఠ వేగం సెకనుకు దాదాపు 30, అంటే ఒక బద్ధకపు వేలు డిస్క్ మీద సెకనుకు 30 సార్లు రాయిస్తుంది. నేరుగా ఎక్స్11తో మాట్లాడేవాళ్లకు అదనపు బహుమతి కూడా ఉంది. అక్కడ రిపీట్ అంటే "వదిలారు, నొక్కారు" అనే జంట కబుర్లు, రెండింటికీ ఒకే టైమ్‌స్టాంప్. ఎక్స్11 తర్వాత వచ్చిన వేలాండ్‌లో రిపీట్ పని అప్లికేషన్‌దే. విండోలను తెర మీద పేర్చే కంపోజిటర్ వేగం, ఆలస్యం చెప్పి ఊరుకుంటుంది.

ఏ కీలు నొక్కి ఉన్నాయో సొంత పట్టిక పెట్టుకుంటే ఫోకస్ పోయిన ఈవెంట్ రాగానే మొత్తం చెరిపేయాలి. ఆల్ట్ నొక్కి వేరే విండోకు వెళ్లినవాళ్లు ఆల్ట్‌ను అక్కడే వదులుతారు, ఆ కబురు ఇక్కడికి రాదు.

వారం 4: బ్యాక్‌స్పేస్

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ ఒక్క కీకే పట్టింది, ఎందుకంటే ఇందులో సరైన జవాబు ఒకటి కాదు.

"స్త్రీ" అనేది చూపుకు ఒక అక్షరం. లోపల ఆరు కోడ్‌పాయింట్లు, 18 బైట్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. బైటు చొప్పున చెరిపితే ఫైలే పాడవుతుంది, దాని గురించి వాదన లేదు. కోడ్‌పాయింట్ చొప్పున చెరిపితే స్త్రీ, స్త్ర, స్త్, స్త, స్, స అని దిగుతూ ఆరు నొక్కులు పడతాయి. మొత్తం అక్షరాన్ని ఒకేసారి తీసేస్తే చివరి గుడి తప్పు కొట్టినవాళ్లు ఆరు కీలూ మళ్లీ కొట్టాలి.

అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే యూనికోడ్ నియమాలు కూడా ఈ మధ్యే మారాయి. 2023లో వచ్చిన 15.1కు ముందు "స్త్రీ" మూడు ముక్కలు: స్, త్, రీ. కుడి బాణం నొక్కితే కర్సర్ ఒత్తుల మధ్యలో ఎక్కడో ఆగేది. 15.1లో చేరిన నియమం పొల్లు తర్వాత వచ్చే హల్లును ముందుదానితో కలిపి ఉంచుతుంది, తెలుగు కూడా అందులో ఉంది. పాత లైబ్రరీ వాడితే పాత లెక్కే వస్తుంది. కాబట్టి లైబ్రరీ ఏ యూనికోడ్ వెర్షన్ పట్టికలు మోస్తోందో ముందు చూసుకోవాలి.

చివరికి కుదిరిన ఒప్పందం: బాణాలు, డిలీట్, మౌస్ క్లిక్ అన్నీ పూర్తి అక్షరం చొప్పున. బ్యాక్‌స్పేస్ మాత్రం కోడ్‌పాయింట్ చొప్పున. రెండు కీలు రెండు రకాలుగా నడవడం అన్యాయంగా కనబడుతుంది గానీ, బ్యాక్‌స్పేస్ ఇప్పుడే కొట్టినదాన్ని దిద్దుకునే కీ, డిలీట్ ఎదురుగా ఉన్నదాన్ని తీసేసే కీ.

ఒక మినహాయింపు తప్పలేదు. "రామ్‌కు" అని రాస్తే మ్, కు కలిసిపోకుండా మధ్యలో కంటికి కనబడని జెడ్‌డబ్ల్యూఎన్‌జే ఉంటుంది. "కు" ముందు కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే పోయేది ఆ కనబడని గుర్తే. ఏమీ చెరగకపోగా మాట "రామ్కు" అయి ఒత్తు పుట్టుకొస్తుంది. చెరపమంటే కొత్తది తగిలించినట్టు. అందుకని జెడ్‌డబ్ల్యూఎన్‌జేకు ముందు పొల్లు ఉంటే రెండూ ఒకే నొక్కుకు పోతాయి.

వారం 5: మౌస్

చక్రం: విండోస్ లెక్కలో ఒక్క గంటుకు 120. టచ్‌ప్యాడ్‌లు, నున్నటి చక్రాలు 120 కంటే తక్కువ ముక్కలు పంపుతాయి. 30ని 120తో పూర్ణాంక భాగహారం చేస్తే సున్నా. అలాంటివి నాలుగు వచ్చినా సున్నాలే, పేజీ కదలదు. ఎస్‌డీఎల్‌లో 2.0.18 నుంచి దశాంశాలతో విలువ దొరుకుతుంది. దాన్ని గంటుకు మూడు లైన్ల లెక్కన 3తో గుణించి కూడబెట్టాలి, పూర్ణ భాగం మేరకు లైన్లు జరపాలి, మిగిలిన భిన్నం దాచాలి, దిశ మారితే ఆ భిన్నాన్ని పారేయాలి. పారేయకపోతే పైకి తిప్పిన మొదటి గంటు కొంత పాత బాకీకి పోతుంది.

డబుల్ క్లిక్ గడువు 500 మిల్లీసెకన్లు, సరే. కానీ ఎస్‌డీఎల్ 2 రెండు క్లిక్కుల మధ్య దూరం 32 పిక్సెళ్ల దాకా ఒప్పుకుంటుంది. వేలితో తాకే తెరలకు అది న్యాయమే. 14 పిక్సెళ్ల ఫాంట్‌లో మాత్రం పక్క పక్క అక్షరాల మీద వేగంగా చేసిన రెండు క్లిక్కులు ఒక పదాన్ని ఎంచేస్తాయి. హింట్‌తో (ఎస్‌డీఎల్ సెట్టింగ్‌తో) దాన్ని 4కు తగ్గించాం. లాగడానికీ 4 పిక్సెళ్ల హద్దే. లేకపోతే చెయ్యి కాస్త వణికిన ప్రతి క్లిక్కూ ఒక అక్షరాన్ని ఎంచుకుంటుంది.

లాగుతూ విండో కిందికి వెళ్లి మౌస్ కదపకుండా పట్టుకుంటే స్క్రోల్ సాగాలి. కానీ మౌస్ కదలకపోతే ఈవెంటే రాదు. చిన్నగా ఊపితేనే స్క్రోల్ అయ్యే ప్రోగ్రాములు ఇందుకే పుడతాయి. లాగుతున్నంతసేపూ 50 మిల్లీసెకన్ల గడువుతో ఈవెంట్ కోసం కాచుకుని, గడువు దాటినా ఒక లైను జరపాలి. మౌస్ క్యాప్చర్ (విండో బయట కూడా మౌస్ కబుర్లు అందుకోవడం) ఆన్‌లో లేకపోతే బయట బటన్ వదిలిన కబురు రాకపోవచ్చు.

రెట్టింపు సాంద్రత తెరల మీద మౌస్ విలువలు పిక్సెళ్లలో రావు, విండో కొలతల్లో వస్తాయి. క్లిక్ చేసిన చోటుకు సగం దూరంలో కర్సర్ పడుతుంటే కారణం ఇదే. రెండరర్ కొలతను విండో కొలతతో భాగించి గుణించాలి.

వారం 6: టెర్మినల్ ప్రయత్నం

ఇదే ఎడిటర్‌ను టెర్మినల్‌లో (అక్షరాలతోనే నడిచే కమాండ్ విండోలో) నడపాలని మూడు రోజులు చూసి ఆపేశాం. పాత పద్ధతిలో కంట్రోల్ అంటే అక్షరం కోడ్‌లో కింది ఐదు బిట్లు మాత్రమే ఉంచడం. ఇంగ్లీషు "ఐ" కోడ్ 73, ఐదు బిట్లకు కుదిస్తే 9, అంటే కంట్రోల్ + ఐ ట్యాబే. కంట్రోల్ + ఎమ్ అంటే 13, ఎంటర్. వాటిని విడదీసే దారి అక్కడ లేదు. ఎస్కేప్ అంటే 27. పై బాణం కూడా 27తోనే మొదలవుతుంది. కాబట్టి ఎస్కేప్ రాగానే "ఇంకేమైనా వస్తుందా" అని కొద్దిసేపు కాచుకోవాలి. తక్కువ కాస్తే నెమ్మది నెట్‌వర్క్ మీద బాణాలు ముక్కలై అక్షరాలుగా పడతాయి, ఎక్కువ కాస్తే ఎస్కేప్ నత్తనడక నడుస్తుంది. కిట్టీ కీబోర్డు ప్రోటోకాల్ ఈ ముడిని విప్పుతుంది గానీ అది అన్ని టెర్మినళ్లలో లేదు. ఇక సేవ్ కోసం కంట్రోల్ + ఎస్ నొక్కితే, రా మోడ్ (కీలను టెర్మినల్ తనే వాడుకోకుండా ప్రోగ్రాముకు ఇచ్చే పద్ధతి) సరిగ్గా పెట్టకపోతే, టెర్మినల్ అవుట్‌పుట్ ఆపేసి కూర్చుంటుంది. కంట్రోల్ + క్యూ కొడితే మళ్లీ కదులుతుంది. అది తెలియనివాళ్లు విండో మూసేస్తారు.

ఇంకా మిగిలినవి: ఐఎమ్ఈ (కొట్టిన కీలను వేరే లిపిలోకి మార్చే సాధనం) సూచనల పెట్టె కర్సర్ పక్కన కాకుండా విండో మూలన తెరుచుకుంటోంది, దానికి టెక్స్ట్ ఇన్‌పుట్ దీర్ఘచతురస్రాన్ని కర్సర్ కదిలినప్పుడల్లా చెప్పాలి. ఎక్స్11లో మధ్య బటన్ పేస్ట్‌కు ప్రైమరీ సెలక్షన్ (మౌస్‌తో ఎంచగానే పేస్ట్‌కు సిద్ధమయ్యే మాట) ఎస్‌డీఎల్ 2.26 నుంచి ఉంది, కలపాలి. అయితే చక్రం తిప్పబోయి నొక్కేసి ఫైలు మధ్యలో పేస్ట్ చేసేవాళ్ల కోసం దాన్ని ఆపే సెట్టింగ్ ముందు రావాలి, ఫీచర్ తర్వాత.