కలంకారీ తరగతి పెట్టేముందు కసిం కుండ పెట్టండి

తిరుపతి, చిత్తూరు వైపు కళల పేరుతో పనిచేసే చిన్న సంఘాలు కలంకారీకి సాధారణంగా రెండు రోజులు కేటాయిస్తాయి. శనివారం పొద్దున జ్యోతి ప్రజ్వలన, ఆదివారం సాయంత్రం సర్టిఫికెట్లు. మధ్యలో పిల్లలు చేసేదల్లా ఎవరో ముందే తయారుచేసి తెచ్చిన గుడ్డ మీద నెమలి గీసి, సీసాలో తెచ్చిన రంగు పూయడం. ఇంటికెళ్ళాక ఒక్క ఉతుకు పడితే ఆ నెమలి సగం బకెట్లోనే ఉంటుంది. బొమ్మలు గీయడం నేర్పినందుకు సంతోషమే కానీ, దాన్ని కలంకారీ తరగతి అనడానికి నాకు నోరు రాదు. గుడ్డకి రంగు ఎందుకు పడుతుందో, ఎక్కడ పట్టకూడదో పిల్లలకు తెలియాలంటే 8 ఆదివారాలు కావాలి. వాటికి ముందు ఇంకో మూడు వారాలు పెద్దవాళ్ళ పని ఉంటుంది.

ఆ మూడు వారాలూ కసిం కోసం. నల్ల గీత గీసేది దీంతోనే. మట్టికుండలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, పాత మేకులు, గుర్రపు నాడాలు ఏవైనా ఒక కిలో వేసి, పావుకిలో బెల్లం, 5 లీటర్ల నీళ్ళు పోయండి. తాటిబెల్లం దొరికితే సగం అది కలపండి. జింకు పూత ఉన్న మేకులు, స్టెయిన్‌లెస్ ముక్కలు వద్దు. మూతి బిగించకుండా గుడ్డ కట్టి, రెండు రోజులకోసారి కర్రతో కలపాలి. నాలుగైదు రోజులకు నురగ వస్తుంది, పుల్లటి వాసన కొడుతుంది. వేసవిలో 15 రోజులకే తయారవుతుంది. మార్గశిరం చలిలో అయితే 20, 25 రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే అందులోని వగరుతో కలిసి నల్లబడుతుంది. పరీక్ష కూడా అదే: కరక్కాయ పెట్టిన పీలిక మీద ఒక గీత గీయండి. చూస్తుండగానే నలుపెక్కితే సరే, బూడిదరంగులోనే ఆగిపోతే ఇంకో వారం ఆగండి. తొందరపడి బెల్లం ఎక్కువ వేసినా, కసిం మరీ ఘాటుగా ఉన్నా అప్పటికి గీత బాగానే కనబడుతుంది. కొన్నేళ్ళ తర్వాత గీత పొడవునా గుడ్డ చిరుగుతుంది. పాత గుడ్డల్లో నల్ల గీతలున్న చోటే ముందు పోవడానికి కారణం ఈ ఇనుమే.

కాలం సంగతి. ఎక్కువమంది మే నెలలో వేసవి శిబిరంగా పెడతారు. ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది, నీళ్ళే ఉండవు. స్వర్ణముఖి నది ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, ముసురు, గుడ్డ ఆరదు. సంక్రాంతి దాటిన ఆదివారం మొదలుపెట్టి పదో తరగతి పరీక్షల లోపు ముగించడం మన వైపు కుదిరే లెక్క. అంటే డిసెంబరు మూడో వారంలోనే కసిం కుండ పెట్టేయాలి.

నేర్పేవాళ్ళకు కొరత లేదు. శ్రీకాళహస్తి తిరుపతికి 40 కిలోమీటర్ల లోపే. ఈ కళ కొడిగట్టిన రోజుల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు మరొకరికి, ఆ మరొకరు ఇంకొకరికి నేర్పుతూ వచ్చారు కాబట్టే ఇవాళ మనకు పిలవడానికి గురువులున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది కూడా ఈ పనికే. అలాంటి చోటు నుంచి వచ్చే మనిషికి శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, బస్సు చార్జీలతో పంపేసే అలవాటు మానుకోవాలి. ఆయన ఆదివారం ఇక్కడికొస్తే అక్కడ ఆయన పని ఆగుతుంది. బడ్జెట్‌లో మొదటి పద్దు, అన్నిటికంటే పెద్ద పద్దు గురువుగారి పారితోషికం కావాలి. ఎన్ని రోజులు, రోజుకు ఎంత, రాకపోకలు ఎవరివి అన్నది కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి.

చోటు చూసేటప్పుడు హాలు ఎంత పెద్దదని కాదు, కొళాయి ఎక్కడుందని చూడండి. ప్రభుత్వ పాఠశాల అయితే హెడ్‌మాస్టర్ గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఆదివారం గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అందులోనే రాయించుకోండి. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే కరక్కాయ గుడ్డ మొత్తం బూడిదరంగుకు తిరుగుతుంది. ఒక గ్లాసు నీళ్ళలో చిటికెడు కరక్కాయ పొడి వేసి గంట ఆగి చూడండి. నీళ్ళు నల్లబారితే వేరే నీళ్ళు వెతుక్కోవాలి.

15 మందికి తలా ఒక మీటరు, పాడయ్యేవాటికి 5 మీటర్లు, మొత్తం 20 మీటర్ల గాడా (ముతక నూలు) గుడ్డ సరిపోతుంది. కోరా రంగుదే తీసుకోవాలి, మిల్లులో తెల్లగా చేసింది వద్దు. పాలిస్టర్ కలిసిందేమోనని అనుమానముంటే ఒక పోగు లాగి కాల్చండి. నూలు బూడిద అవుతుంది, పాలిస్టర్ ముద్ద కడుతుంది. మొదటి ఆదివారం గుడ్డలోని గంజి పోయేదాకా బాది ఉతకడం, కలాలు చేసుకోవడం, చింతపుల్లలు కాల్చి బొగ్గు చేసుకోవడం. కలం అంటే వెదురు పుల్ల. మొన చెక్కి, మొనకు అంగుళం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనకు దిగుతుంది. పిల్లలు ఉన్నిని మరీ గట్టిగా బిగిస్తారు, అప్పుడు రంగు దిగదు. వదులుగా చుడితే ఒక్కసారిగా కారిపోతుంది. ఒక్కొక్కరు మూడు నాలుగు కలాలు చేస్తే గానీ ఒకటి కుదరదు, ఆ పూటంతా దానికే వదిలేయండి. గీతకు సన్న మొన, రంగు నింపడానికి మొద్దు మొన, రెండూ కావాలి.

రెండో ఆదివారం కరక్కాయ, పాలు. 5 మీటర్లకు 200 గ్రాముల కరక్కాయ పొడి (గింజ తీసేసి పెచ్చు మాత్రమే దంచింది), లీటరు పచ్చి గేదెపాలు, లీటరుంబావు నీళ్ళు. పొడిని బాగా కలిపి వడకట్టాలి, లేకపోతే నలకలు పడిన చోటల్లా మచ్చలు. ప్యాకెట్ పాలలో టోన్డ్‌వి వాడితే వెన్న చాలదు. గీత పక్కకు పాకకుండా ఆపేది ఆ వెన్నే. కరక్కాయ మాత్రం పెట్టి పాలు మానేసిన గుడ్డ మీద కసిం గీత బ్లాటింగ్ కాగితం మీద సిరా లాగా వెంట్రుకలు వేస్తుంది. ఒక చిన్న ముక్కను పాలు లేకుండా ఉంచి పిల్లల చేతే దాని మీద గీయించండి, ఇంక చెప్పాల్సిన పని ఉండదు. గుడ్డను ముంచి, సమంగా పిండి, ఎండలో పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేలాడదీస్తే రసమంతా కింది అంచుకు దిగి ముదురు పట్టీ పడుతుంది. ఇనుప తీగ దండెం అయితే ఇంకా ఘోరం, తీగ ఆనిన చోట నల్లటి గీత పడుతుంది, అది ఇక పోదు.

తర్వాత రెండు ఆదివారాలు గీతే. గుడ్డ కింద మందపాటి కంబళి పరవండి, లేకపోతే కలం జారుతుంది. బొగ్గుతో ముందు అంచు, తర్వాత మధ్య బొమ్మ, ఆ పైన కసిం గీత. ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టమనండి, కుడిచేతివాళ్ళు లేకపోతే తడి గీత మీద మణికట్టు ఆనిస్తారు. చుక్క పడితే వెంటనే నిమ్మరసం అద్దితే కొంత పలచబడుతుంది. అంతకంటే మంచి దారి ఆ చుక్కను ఆకుగానో పువ్వుగానో మార్చేయడం, గురువులు చేసేది అదే.

ఐదో వారం పటిక. ఎరుపును గుడ్డకు పట్టి ఉంచేది ఇదే. లీటరు గోరువెచ్చని నీళ్ళకు 100 గ్రాములు. ఎక్కడెక్కడ ఎరుపు రావాలో అక్కడే పూయాలి. పటిక నీళ్ళకు రంగుండదు కాబట్టి ఎక్కడ పూశామో కనబడదు. ఎరుపునిచ్చే మంజిష్ఠ కషాయం కొంచెం కలిపితే గులాబీ ఛాయ వస్తుంది. పూశాక కనీసం ఒక రోజంతా వదిలేయాలి. వారం ఆగినా నష్టం లేదు, ఆదివారం తరగతులకు ఇది కలిసొచ్చే సంగతి.

ఎక్కువ తరగతులు చెడేది ఆరో వారంలోనే. గుడ్డ మీద మిగిలిన పటికను, ఎర్రరంగులో ఉడికించే ముందు కడిగెయ్యాలి, అదీ పారే నీటిలో. తొట్టిలో ముంచి జాడిస్తే, ఇక్కడ ఊడిన పటిక అక్కడ అతుక్కుంటుంది. కళ్ళకు కనిపించదు. ఉడికించాక ముఖాల మీద, ఖాళీ చోట్ల ఎర్రటి మేఘాలు తేలతాయి. శ్రీకాళహస్తి వాళ్ళు ఏటి పారుదలలో గుడ్డ పరిచి కడిగేది అందుకే. మనకు ఏరు లేకపోతే మేడ మీద గుడ్డను వాలుగా పట్టుకుని, పైనుంచి గొట్టంతో నీళ్ళు ధారగా వదలండి. గుడ్డకు ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. నీళ్ళు ఎక్కువే పోతాయి, ట్యాంకు ముందే నింపించి పెట్టుకోండి.

ఉడికించడానికి రాగి పాత్ర సంప్రదాయం. లేకపోతే స్టీలు డేక్సా చాలు, ఇనుప బాణలి వద్దు. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే వంటపాత్రలు తెచ్చి వాటిలో రంగు కాచి తిరిగి ఇచ్చేయడం తప్పు పని. 5 మీటర్లకు 300 గ్రాముల మంజిష్ఠ పొడి, దొరికితే కొంత సురుడు చెక్క (ఇదీ ఎరుపునిచ్చే బెరడే). గుడ్డ మునిగి కదిలేంత నీళ్ళు. చల్లటి నీళ్ళలోనే గుడ్డ వేసి, గంటసేపు నెమ్మదిగా కాగనివ్వాలి, కర్రలతో తిప్పుతూనే ఉండాలి. మంట ఎక్కువ పెడితే ఎరుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. తిప్పడం ఆపితే మడతలున్న చోట చారలు. పొయ్యి దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, పిల్లలు నేల మీద గీసిన గీత అవతల నుంచి చూడాలి.

పాత్రలోంచి తీసిన గుడ్డ చూసి పిల్లలు డీలా పడతారు. బొమ్మ వెనకాల గుడ్డంతా మాసిన గులాబీ రంగు. దాన్ని తెల్లబరచాలంటే రాత్రంతా గొర్రె పెంట నీళ్ళలో నానబెట్టి, కడిగి, మూడు నాలుగు రోజులు ఎండలో పరిచి, ఆరినప్పుడల్లా నీళ్ళు చల్లాలి. పటిక పట్టిన చోట ఎరుపు నిలుస్తుంది, మిగతాది వెలిసిపోతుంది. ఇది ఆదివారాల్లో కుదరదు. వారం మధ్యలో సంఘ సభ్యులు ఇద్దరు వంతులవారీగా చేయాలి. గ్లవ్స్ తప్పనిసరి, చేతి మీద గాయం ఉన్నవాళ్ళు దిగకూడదు.

ఏడో వారం గుడ్డను మళ్ళీ పాలలో ముంచి ఆరబెట్టి, కరక్కపువ్వు కాచిన కషాయంలో పటిక కలిపి పసుపు రంగు నింపుతారు. నీలి జోలికి మొదటి బ్యాచ్‌లో పోవద్దు. నీలిమందు తొట్టి నిలబెట్టడం వేరే విద్య, అది కుదరక తరగతి మొత్తం ఆగిపోతుంది. నలుపు, ఎరుపు, పసుపు చాలు. ఎనిమిదో వారం చివరి ఉతుకు, ఇస్త్రీ.

లెక్కల సంగతి క్లుప్తంగా. సంఘం ఇంకా రిజిస్టర్ కాకపోతే 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం కింద కనీసం 7 మంది సభ్యులు కావాలి. విరాళాలు బ్యాంకు ద్వారానే తీసుకోండి. సంఘానికి పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు ఆ మినహాయింపు దక్కదు. ఆ మాట ముందే చెప్పకపోతే తర్వాత మొహమాటం. పిల్లలు చేసిన గుడ్డలు పిల్లలవే. సంఘం నమూనాకు ఒకటి ఉంచుకోవాలంటే అడిగి, రాయించుకుని ఉంచుకోవాలి.

ప్రదర్శనలో అమ్మేటప్పుడు చీటీ మీద ఏం రాస్తారో జాగ్రత్త. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరును సరుకు మీద వాడే హక్కు అధీకృత వినియోగదారులుగా నమోదైనవాళ్ళది. మీ చీటీ మీద విద్యార్థి పని అని, వాడిన మూడు రంగులు వేటి నుంచి వచ్చాయో రాయండి. కింద ఇంకో రెండు ముక్కలు: చల్లటి నీళ్ళలో విడిగా ఉతకాలి, నీడన ఆరబెట్టాలి. నిమ్మకాయ ఉన్న డిష్‌వాష్ సబ్బు తగిలిందంటే నల్ల గీత వెలుస్తుంది, అది మరచిపోకుండా పెద్ద అక్షరాల్లో రాయండి.