కింద క్లాసు రేసులో గుర్రాన్ని ఎలా చూడాలంటే

విజయనగరంలో కూర్చుని హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేల రేసు కార్డు చదవడమేటి బావా, అదంతా లాటరీయే కదా అంటాడు మా బావ గంటస్తంభం దగ్గర టీ తాగుతూ. లాటరీ కాదు, గుర్రప్పందెం నైపుణ్యం ఆట అని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది. నాకైతే పెద్ద కప్పు రేసులకన్నా కింద క్లాసు హ్యాండీక్యాప్‌లే, అంటే తక్కువ రేటింగ్ గుర్రాలకి సత్తాని బట్టి బరువులేసి పరిగెత్తించే రేసులే ఇష్టం, అన్నీ గెలవలేక తంటాలు పడే గుర్రాలే కాబట్టి బుర్ర పెట్టి చూడాలి. రేటింగ్ (గుర్రం సత్తాకి వేసే అంకె) ఎక్కువున్నదానికి బరువు ఎక్కువేస్తారు కదా, దాని మీద అప్రెంటిస్ జాకీ (ఇంకా పని నేర్చుకుంటున్న రౌతు) ఎక్కితే కొన్ని కిలోలు తగ్గుతాయి, ఇది చాలామంది పట్టించుకోరు. పోయినసారి వెనకబడిందని తీసిపారేయకండి, 1600 మీటర్లలో చివర్లో అలిసిపోయింది 1200కి దిగితే లెక్క వేరు. వీడియో దొరికితే ఆఖరి 200 మీటర్లు ఆపి ఆపి చూడండి, కొరడా తీయగానే మెడ చాచి ముందుకెళ్తుందా, తల పక్కకి తిప్పేసి మొరాయిస్తుందా అని. ప్యాడక్‌లో, అంటే రేసుకి ముందు గుర్రాల్ని తిప్పి చూపించే చోట, నడిచేటప్పుడే వెనక కాళ్ల మధ్య చెమట తెల్లగా నురగ కట్టేసిందంటే నేనైతే దాన్ని పక్కన పెట్టేస్తాను, సగం సత్తువ రేసుకి ముందే పోతుంది. టైమింగులు మాత్రం అంతగా నమ్మను, ట్రాక్ తడిగా ఉంటే అవన్నీ మారిపోతాయి.