నవలను పాఠంగా, పాఠాన్ని నవలగా

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పాఠకుడు చెప్పే నాలుగు ముక్కలు, వెనుక అట్ట మీద ప్రచురణకర్త అచ్చువేయించే ప్రశంసల కంటే విలువైనవని నా అభిప్రాయం. మా కాలనీ సంఘం భవనంలో ఒక గదిని గ్రంథాలయంగా మార్చుకున్న తరువాత సాయంత్రాలు అక్కడ కూర్చునే బాధ్యత నా మీద పడింది. పుస్తకాలలో ఎక్కువ భాగం ఇళ్ళు ఖాళీ చేస్తున్నవారు ఇచ్చి వెళ్ళినవే కాబట్టి, మా బీరువాలో విశ్వనాథ సత్యనారాయణ పక్కనే ముప్పై రోజుల్లో హిందీ నేర్పుతానని హామీ ఇచ్చే పుస్తకం, చలం పక్కనే ఊరగాయల పుస్తకం కనిపిస్తాయి. అందువల్ల ఒకే మనిషి నవల గురించి ఏమంటున్నారో, ఏదో ఒకటి నేర్పడానికి రాసిన పుస్తకం గురించి ఏమంటున్నారో పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. నాకు అర్థమైనంతలో మనవాళ్ళు నవలను పాఠంగానూ, పాఠాన్ని నవలగానూ చదువుతారు. నవల ముగించి ‘ఇంతకీ దీనివల్ల నేర్చుకునేది ఏముందండీ?’ అని నిలదీసే పెద్దమనిషే, విజయ రహస్యాలు చెప్పే పుస్తకం ముగించి ‘ఏకబిగిన చదివించాడండీ’ అని మెచ్చుకుంటారు. ఆ రహస్యాలలో ఒక్కటైనా ఆచరించి చూశారా అని ఆయనను అడగడం మర్యాద కాదు.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ మీద వచ్చే అభిప్రాయాలు దీనికి మంచి ఉదాహరణ. 1947లో వచ్చిన ఈ నవలలో సీతారామారావు వంశప్రతిష్ఠ అన్న మాటను పట్టుకుని ఉన్న ఆస్తినంతా కరగదీసుకుంటాడు. ఆ తరువాత పని చేయలేక, చేయలేకపోవడానికి కారణాలు వెతుక్కుంటూ, తన ఆలోచనలలో తానే కూరుకుపోతాడు. బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసిన మా పాఠకుడు ఒకరు ఇది కుర్రవాళ్ళ చేతికి ఇవ్వకూడని పుస్తకమని తీర్పు చెప్పారు. కథానాయకుడు ఎక్కడా బాగుపడడనీ, చదివినవాడు కూడా నీరసపడిపోతాడనీ ఆయన వాదన. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక అబ్బాయి మాత్రం అదే పుస్తకాన్ని రెండోసారి తీసుకువెళ్ళాడు. రేపటి నుంచి మొదలుపెడతాను అనుకుంటూ ఈ రోజును పోగొట్టుకునే మనిషిని అంత దగ్గరగా చూపిన పుస్తకం తనకు మరొకటి దొరకలేదని అతని మాట. ఇద్దరూ నవలను పాఠంగానే చదివారు. అయితే పెద్దాయన పాత్రను ఆదర్శంగా తీసుకోవాలని ఆశించారు, కుర్రవాడు తనను తాను గుర్తుపట్టాడు. నా మొగ్గు కుర్రవాడి వైపే. మనిషిని తిన్నగా చూపించడం కంటే పెద్ద ఉపకారాన్ని నవల నుంచి ఎందుకు ఆశించాలో నాకు బోధపడదు.

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ తీసుకువెళ్ళినవారిలో చాలామంది సగంలో తిరిగి ఇచ్చేస్తారు. తల్లి మీద లోకం వేసిన మచ్చను మోసుకుంటూ తిరిగే దయానిధి, అతని చుట్టూ వచ్చిపోయే కోమలి, అమృతం మొదలైనవారు, మధ్యమధ్య పేజీల తరబడి సాగే తలపోత, ఇవన్నీ కొందరికి విసుగు. అయినా సగంలో ఆపినవారు కూడా ‘భాష బాగుంది’ అనడం మానరు. ఆ మాట ఒక మర్యాద మాత్రమే అని మొదట అనుకున్నాను గాని, అలా అన్న ఒక ఉపాధ్యాయురాలు తనకు నచ్చిన వాక్యాలను నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని చూపించారు. కథ పట్టుకోలేదు గాని వాక్యం పట్టుకుంది. ఇటువంటి అభిప్రాయాన్ని పత్రికలలోని సమీక్షలలో నేను అరుదుగా చూశాను, ఎందుకంటే సమీక్షకుడు పుస్తకాన్ని చివరిదాకా చదివినట్టు కనిపించాలి.

అన్నింటికంటే ఎక్కువ చర్చ నడిచేది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ మీద. 1950ల చివర ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా వచ్చి, తరువాత 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారమైన నవల ఇది. సినిమా చూసి నవలకు వచ్చినవారికి మొదట ఒక ఇబ్బంది ఎదురవుతుంది. తెరమీద హాయిగా సాగిపోయిన కథ వెనుక ఇంత చేదు ఉందా అని వారు అడుగుతారు. బాధ్యత తెలియని తండ్రిని పోషిస్తూ, ఎవరి జాలినీ కోరకుండా, తనకు కావలసినదాన్ని మొహమాటం లేకుండా అందుకోవాలని చూసే ఇందిర పాత్ర ఈ నవలకు ప్రాణం. మెడిసిన్ చదువుతున్న ప్రకాశం అదే ఇంట్లో అద్దెకు ఉంటాడు. మంచివాడే గాని నిర్ణయం తీసుకోవలసిన ప్రతిసారీ జారుకుంటాడు. ఇందిర స్నేహితురాలు కల్యాణి కష్టాలకు తల వంచి నెమ్మదిగా నిలదొక్కుకుంటుంది.

మా పాఠకులలో అరవై దాటిన స్త్రీలు ఎక్కువమంది కల్యాణి పక్షం. ఇందిర స్వార్థపరురాలని, స్నేహితురాలికి అన్యాయం చేసిందని వారు గట్టిగానే అంటారు. ఉద్యోగాలు చేస్తున్న ముప్పై ఏళ్ళ అమ్మాయిలు ఇందిరను వదలరు. నెలాఖరున ఇంటి ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడకుండా ఆ పిల్ల స్వభావాన్ని తూచడం ఏమిటని వారి ఎదురు ప్రశ్న. ఒక సాయంత్రం ఈ రెండు పక్షాలూ బెంచీకి చెరో చివరా కూర్చుని వాదించుకుంటుంటే, అంతవరకూ మౌనంగా దినపత్రిక తిరగేస్తున్న ఒకావిడ, ‘ప్రకాశం గురించి ఎవరూ మాట్లాడరేమమ్మా, తప్పంతా వాడిదైతే’ అన్నారు. ఆవిడ అన్న మాటను నేను ఈ నవల మీద విన్న అభిప్రాయాలలో మొదటి స్థానంలో పెడతాను. ఇందిర మంచిదా చెడ్డదా అని తేల్చే హడావిడిలో, ఏ నిర్ణయమూ తీసుకోకుండా మంచివాడిగా మిగిలిపోయే మగవాడు ఎంత సులభంగా తప్పించుకుంటాడో శ్రీదేవి చూపించారు. పాఠకులు కూడా అతన్ని అలాగే తప్పించుకోనిస్తున్నారు.

విశ్వనాథ ‘వేయిపడగలు’ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. చదివానని చెప్పేవారి సంఖ్యకూ, మా పుస్తకంలో చేతులు పడి నలిగిన పేజీలకూ పొంతన లేదు. పి.వి. నరసింహారావు దీనిని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. నిజంగా చివరిదాకా చదివిన ఒక మిత్రుడు, నవలలోని సుబ్బన్నపేట సమాజ వ్యవస్థ మీద రచయితకున్న మమకారాన్ని ఏమాత్రం ఒప్పుకోడు; అయినా పొలాల మధ్య పాములాగా తిరిగే పసిరిక అనే పాత్ర ప్రస్తావన వస్తే అతని గొంతు మారుతుంది. రచయిత సిద్ధాంతంతో విభేదిస్తూనే అతని సృష్టికి లొంగిపోవడం పాఠకుడికి అవమానమేమీ కాదు.

ఇక నేర్పే పుస్తకాలకు వద్దాం. ఈ విషయంలో యండమూరి వీరేంద్రనాథ్ విచిత్రమైన స్థానంలో ఉన్నారు, ఎందుకంటే ఆయన రెండు రకాల పుస్తకాలూ రాశారు, రెండు రకాల పాఠకులనూ సంపాదించారు. ‘తులసిదళం’ చేతబడి చుట్టూ అల్లిన కథ. అది మూఢనమ్మకాలకు ఊతమిస్తోందని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఒక పాఠకురాలి అభిప్రాయం పుస్తకమై నిలబడిన ఇటువంటి సందర్భాలు మన దగ్గర తక్కువ. ఆ పుస్తకంతో నేను ప్రతి పేజీలో ఏకీభవించను గాని, నచ్చని నవలను అంత ఓపికగా చదివి, నచ్చకపోవడానికి కారణాలను అంత వివరంగా రాసే పట్టుదల ఈనాటి పాఠకులకు కొంచెం వచ్చినా మేలే అనుకుంటాను. యండమూరిదే ‘విజయానికి ఐదు మెట్లు’ మా గ్రంథాలయంలో బయటే ఎక్కువ కాలం ఉంటుంది. తీసుకువెళ్ళినవారిలో చాలామంది అందులోని చిన్న కథలనూ, సంఘటనలనూ గుర్తుపెట్టుకుని మళ్ళీ చెబుతారు. ఆ కథ దేనిని వివరించడానికి వచ్చిందో అడిగితే తడుముకుంటారు. ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో చదరంగం ఆటగాడు తన ఫోన్ నంబరు కనుక్కోవాలని రమ్య పెట్టే చిక్కుముడులను ఎంత ఇష్టంగా తలుచుకుంటారో, ఈ పుస్తకంలోని ఉదాహరణలను కూడా అంతే ఇష్టంగా తలుచుకుంటారు. చెయ్యి తిరిగిన నవలాకారుడు సలహాలు రాస్తే జరిగేది ఇదే, సలహా కరిగిపోయి కథ మిగులుతుంది.

భాషలు నేర్పే పుస్తకాల సంగతి వేరు. వాటి మీద పాఠకుల అభిప్రాయం నోటితో వినిపించదు, పెన్సిల్ గీతలలో కనిపిస్తుంది. మా దగ్గరున్న హిందీ పుస్తకంలో మొదటి పాఠాలన్నీ గీతలతో, అంచుల్లో రాసుకున్న అర్థాలతో నిండి ఉన్నాయి. మొదటి వారం దాటగానే గీతలు పలచబడతాయి, పదో పాఠం నుంచి కాగితం కొత్త పుస్తకంలాగా తళతళలాడుతుంది. అయితే ఇటువంటి పుస్తకం మీద నేను విన్న అత్యంత నిర్దిష్టమైన విమర్శ ఒక తాపీమేస్త్రీది. నిజామాబాదు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళి చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి. అక్కడికి తనతో తీసుకువెళ్ళిన పుస్తకంలో హోటల్లో గది అడగడం ఎలా, రైలు టికెట్టు కొనడం ఎలా, వాతావరణం గురించి మాట్లాడడం ఎలా అన్న వాక్యాలు ఉన్నాయట గాని, రెండు నెలల జీతం బాకీ ఉందని సూపర్‌వైజరుకు చెప్పే వాక్యం గాని, ఒంట్లో బాగాలేదు, ఎండలో పని చేయలేను అని చెప్పే వాక్యం గాని లేవట. ఆ వాక్యాలను అతను తోటి కూలీల దగ్గర నేర్చుకున్నాడు. ఆ పుస్తకం రాసినవారు తమ పాఠకుడు విహారయాత్రకు వెళుతున్నాడని ఊహించుకున్నారు. తెలుగు ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవారిలో పనికోసం వెళ్ళేవారే ఎక్కువని తెలిసిన ప్రచురణకర్త ఎవరైనా ఈ లోపాన్ని ఒక్క అధ్యాయంతో సవరించవచ్చు.

నేర్పే పుస్తకాలకు ఉన్న మరో చిక్కు అవి పాతబడడం. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ చదివిన పదో తరగతి పిల్లవాడు ప్లూటోను 2006లోనే గ్రహాల జాబితా నుంచి తీసేశారు కదా అని అభ్యంతరం చెప్పాడు. న్యాయమైన అభ్యంతరమే, ఖగోళశాస్త్రం ఎవరి కోసమూ ఆగదు. కానీ నక్షత్రాల పుట్టుకను అంత తేట తెలుగులో చదివి రాత్రి డాబా మీదికి వెళ్ళాననే మాట కూడా వాడి నోటి నుంచే వచ్చింది. తాజా సమాచారం కావాలంటే వాడికి ఫోన్‌లో దొరుకుతుంది. డాబా ఎక్కించే గద్యం అంత సులభంగా దొరకదు. రంగనాయకమ్మ ‘పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం’ విషయంలో పాఠకుల మాట ఇంకోలా ఉంటుంది. పిల్లల కోసం అని పేరు పెట్టినా తీసుకువెళ్ళేది పెద్దలే, అందులోనూ చదువుకునే రోజుల్లో మార్క్స్‌ను చదవడానికి ప్రయత్నించి మధ్యలో వదిలేసినవారే. పిల్లలు చదవలేదన్న ఫిర్యాదు న్యాయమే గాని, పెద్దలకు సిగ్గుపడకుండా మొదటి నుంచి నేర్చుకునే అవకాశాన్ని ఆ పేరు ఇచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

వంటల పుస్తకాల పాఠకులంత కఠినమైన విమర్శకులు మరెవరూ ఉండరు. వారు రచయిత చెప్పినదాన్ని చేసి చూస్తారు, చేసినదాన్ని ఇంటిల్లిపాదీ తింటారు, ఫలితం ఆ పూటే తెలిసిపోతుంది. అట్ట ఊడిపోయి మా దగ్గరకు వచ్చిన ఒక పాత వంటల పుస్తకంలో ఆవకాయ పేజీ నూనె పీల్చుకుని అవతలి వైపు అక్షరాలు కనిపించేంత పలచనైంది. అంచున ఎవరో ‘ఉప్పు ఒక గిద్ద తగ్గించాలి’ అని సిరాతో రాశారు. దాని కింద వేరే చేతిరాతలో, బాల్‌పెన్నుతో, ‘తగ్గిస్తే బూజు పట్టింది, పుస్తకంలో ఉన్నదే సరి’ అని ఉంది. అత్తాకోడళ్ళో, తల్లీకూతుళ్ళో తెలియదు. ఏ పుస్తకం మీదనైనా ఇంతకంటే పొందికైన వాదోపవాదం నేను చదవలేదు. సోల, గిద్ద కొలతలు తెలియని కొత్త పాఠకుల కోసం నాలుగు గిద్దలు ఒక సోల అని అట్ట లోపల ఒక చీటీ అంటించాను.

మాలతీ చందూర్‌ను తలుచుకోకుండా ఈ విషయం ముగించలేను. ‘వంటలు–పిండివంటలు’ ఎన్ని ఇళ్ళలో కొత్త కాపురాలకు తోడుగా వెళ్ళిందో, ‘ప్రమదావనం’ శీర్షికలో ఆమె ఇచ్చిన జవాబుల కోసం ఎంతమంది ఎదురుచూశారో ఆ తరం పాఠకులు ఇప్పటికీ చెబుతారు. ఇంగ్లీషు నవలలను ‘పాత కెరటాలు’ పేరుతో తెలుగు పాఠకులకు పరిచయం చేసినది ఆవిడే, ‘హృదయనేత్రి’ నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నదీ ఆవిడే. మా బీరువాలో వంటల పుస్తకం నిలవదు, ‘హృదయనేత్రి’ కదలదు. ఇటీవల పిండివంటల కోసం వచ్చిన ఒకావిడకు ఇద్దరూ ఒకరేనని చెబితే నమ్మలేదు. లోపలి పేజీలో పేరు చూపించాక రెండూ తీసుకువెళ్ళారు. తిరిగి ఇచ్చేటప్పుడు, వంటల పుస్తకంలో ఒక్క మాట కూడా ఎక్కువ ఉండదనీ, నవలలో కూడా ఆవిడ అలాగే రాసి ఉంటే ఇంకా ఇష్టపడేదాన్ననీ అన్నారు. నేను ఒప్పుకోలేదు, నవలకు కొంత నింపాదితనం ఉండాలన్నాను. ఆవిడ ‘హృదయనేత్రి’ మళ్ళీ తీసి, తనకు అనవసరమనిపించిన ఒక పేజీని చూపించి చదవమన్నారు. చదివాను. ఆ పేజీ విషయంలో ఆవిడ మాటే నిజం.