మా బుడంకాయకు సర్దైంది

డిసెంబర్ మొదట్లో వాట్సాప్ స్టేటస్‌లో ఒక వీడియో పెట్టాను. మా తాబేలు పిల్ల నీళ్లలో ఎడమ పక్కకు ఒరిగి గుండ్రంగా తిరుగుతోంది, ముక్కు దగ్గర చిన్న చిన్న బుడగలు. కింద 'మా బుడంకాయ కొత్త విద్య నేర్చింది' అని రాసి నవ్వే బొమ్మలు రెండు పెట్టాను. చూసినవాళ్లంతా లైకులు కొట్టారు. అక్వేరియం పిచ్చి ఉన్న ఒక ఫ్రెండ్ మాత్రం రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, 'అది ఆట కాదురా, దానికి ఊపిరాడతలేదు' అన్నాడు.

బుడంకాయ అని పేరెందుకంటే పచ్చటి ఒళ్లు, చారలు, సైజు కూడా ఇంచుమించు చేలల్లో దొరికే ఆ కాయంతే. కళ్ల వెనక ఎర్ర గీత ఉండే రెడ్ ఇయర్డ్ స్లైడర్ అది. అమ్మినాయన ప్లాస్టిక్ డబ్బా, ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, ఎండు రొయ్యల సీసా చేతిలో పెట్టి ఇవి చాలన్నాడు. హీటర్ వద్దా అంటే 'నల్లగొండల హీటర్ ఏందన్నా' అని నవ్వాడు. నేనూ నవ్వాను. మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లకు చేతులు కాలే ఊరు మాది, డిసెంబర్‌లో తెల్లారుజామున ఆ డబ్బాలో వేలు పెట్టి ఎవరు చూశారు? ఫ్రెండ్ తిట్టాక థర్మామీటర్ పెడితే 17 డిగ్రీలు.

తాబేలుకు మనలాగా ఒంట్లో వేడి పుట్టదు. చుట్టూ చల్లగా ఉంటే ఒళ్లూ చల్లబడుతుంది, తిండి అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తీ పడిపోతుంది. పైగా మనకు ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండ దానికి లేదు కాబట్టి గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తోసెయ్యలేదు, అదంతా లోపలే ఉండిపోతుంది. ఒక పక్క ఊపిరితిత్తి పాడైతే రెండు పక్కలా గాలి సమానంగా ఉండదు, అందుకే ఆ ఒరగడం. నేను ఆవలింత అనుకుని మురిసిపోయింది కూడా నోటితో గాలి కోసం పడే తిప్పలే.

ఇక సలహాలు. 'తాంబేలుకు సర్దైంది బిడ్డా, వాము ఏంచి గుడ్డల గట్టి వాసన సూపియ్యి' అంది నాయనమ్మ. మెడికల్ షాపులో పిల్లల జలుబు చుక్కలు వెయ్యమన్నారు. ఇంకొకాయన పానగల్ చెరువులో వదిలెయ్యమన్నాడు. ఇది అమెరికా జాతి, చలికి చస్తే దాని ఖర్మ, బతికితే మన చెరువు తాబేళ్ల తిండికి, చోటుకు ఎసరు. ఆ మాట చెబితే 'నీకన్నీ అతి' అన్నాడు. అయితే అయ్యింది.

మా దగ్గరి పశువుల డాక్టర్ గొర్రెలు, బర్రెలు చూసే మనిషి. 'తాబేళ్లకు నేనెప్పుడూ సూది వెయ్యలేదు, హైదరాబాద్ తీస్కపో' అని ఉన్నమాట చెప్పారు, ఆయనకు దండం. నీళ్లు లేకుండా తడిగుడ్డ పరిచిన డబ్బాలో దాన్ని పెట్టి, పక్కన టవల్ చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టుకుని బస్సెక్కాను. నార్కట్‌పల్లి దాటాక కండక్టర్ డబ్బాలో ఏముందని అడిగితే బుడంకాయ అన్నాను. 'పచ్చడికా?' అన్నాడు.

హైదరాబాద్‌లో తూకం వేస్తే 12 గ్రాములు. డాక్టరమ్మ ఆ బరువుకు లెక్కగట్టి సెఫ్టాజిడైమ్ అనే యాంటీబయాటిక్ ఆరు సిరంజిలు నింపిచ్చారు, ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి, 72 గంటలకొకటి. ముందు కాలికే వెయ్యాలట, ఎందుకంటే వెనక కాళ్ల రక్తం కిడ్నీల మీదుగా పోతుంది, మందు ఒంటికి పట్టకముందే బయటికి పోవచ్చు. డోసు ఇక్కడ రాయను, రాస్తే ఎవరో ఒకరు వేసేస్తారు.

మొదటి సూది నాకు పావుగంట పట్టింది. రెండు వేళ్ల మధ్య డొప్ప పట్టుకుంటే కాలు లోపలికి లాక్కుంటుంది, నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటే మెల్లగా గోళ్లు బయటికొస్తాయి, ముట్టుకోగానే మళ్లీ లోపలికి. బియ్యపు గింజంత కాలు అది! అమ్మ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, సూది దిగేటప్పుడు తలకాయ పక్కకు తిప్పుకుంది, లైటు కూడా అటే పోయింది.

మందు సగమే, మిగతా సగం వేడి. హీటర్ కొని నీళ్లు 28 డిగ్రీల్లో ఉంచాను. ఒళ్లు ఆరబెట్టుకునే ఇటుక మీదికి 60 వాట్ల పాత రకం బల్బు కావాలి, ఏ షాపుకెళ్లినా ఎల్‌ఈడీలే. చివరికి చిట్యాల దగ్గర కోళ్ల ఫారం ఉన్న ఫ్రెండ్, కోడిపిల్లలకు పెట్టేది ఒకటి ఇచ్చాడు. పగలు కాసేపు ఎండలో పెట్టి, కాకులు రాకుండా పక్కనే కూర్చున్నా. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, ఎండలో దానికి కావాల్సిన యూవీబీ అనే కిరణాలను అద్దం ఆపేస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడమే, తాబేళ్ల మీద మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు.

నాలుగో సూది అయిన మర్నాడు తులసి కోటలో దొరికిన వానపాము ముక్కను లటుక్కున లాక్కుంది. నిటారుగా ఈదుతోంది, బుడగల్లేవు. అయినా డాక్టరమ్మ చెప్పినట్టు మిగతా రెండూ వేశాను.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మా మామ బంగారం దుకాణంలో తూకం వేయిస్తున్నాను. మొన్న ఆయన అద్దాలు ముక్కు మీదికి జార్చి కాటా చూసి, 'తులం నాలుగు గ్రాములు అల్లుడూ, తరుగు లేదు' అన్నాడు.