నీలం రాని ఉదయం

గురువారం, రాత్రి తొమ్మిదిన్నర

ఈరోజు మా బడిలో తెల్లగోడ పసుపుపచ్చగా మారింది. దాని గురించి వివరంగా రాసుకోవాలని ఇంటికొచ్చినప్పటి నుంచి అనుకుంటున్నాను. వంట, అంట్లు అయ్యేసరికి ఇంత పొద్దుపోయింది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూపిస్తానని పది రోజుల నుంచి చెబుతున్నాను. మా బడి దేవరకొండ రోడ్డు మీద ఉంది. నల్లగొండ నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. అయినా యాభై ఎనిమిది మందిలో ఆ గుడి చూసినవాళ్లు ఆరుగురే. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి గుడి అది, తొమ్మిది వందల ఏళ్ల మాట. లోపల గోడ మీద స్తంభం నీడ ఒకటి పొద్దంతా ఒకేచోట ఉంటుందని చెప్తే ఎవరూ నమ్మలేదు. "నీడ కదలకుండ ఎట్లుంటది టీచర్, పొద్దు తిరుగుతది గద?" అని తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి నిలబడి అడిగింది. ఆ ప్రశ్న విన్నాక నాకు కాలు నిలవలేదు. పోయిన ఆదివారం పొద్దున్నే వెళ్లి ఎనిమిదికి, పదకొండుకు, సాయంత్రం నాలుగున్నరకు ఒకేచోట నిలబడి మూడు ఫొటోలు తీసుకొచ్చాను. వాటిని ఫోనులో చూపిస్తే ఇద్దరు చూస్తారు, మిగతావాళ్లు తోసుకుంటారు. గోడ నిండా కనపడాలి. అందుకే ప్రొజెక్టరు.

మా ప్రొజెక్టరు పూర్వ విద్యార్థులు ఇచ్చింది. పాతది. కంప్యూటర్ నుంచి బొమ్మ తెచ్చే కేబుల్ పెట్టడానికి వెనకవైపు వీజీఏ అనే పాత రకం సాకెట్ ఒక్కటే ఉంది. మూడు వరుసల్లో పదిహేను చిల్లులు, రెండు పక్కలా స్క్రూలు. నా లాప్‌టాప్‌కేమో హెచ్‌డీఎంఐ అనే కొత్త రకం సాకెట్ తప్ప ఇంకొకటి లేదు. వీజీఏ 1987లో వచ్చింది, హెచ్‌డీఎంఐ 2002 చివర్లో. మొదటిది బొమ్మను ఎక్కువ తక్కువలయ్యే కరెంటుగా, అంటే అనలాగ్‌గా పంపుతుంది. రెండోది అంకెలుగా పంపుతుంది. తీగకు తీగ కలిపినంత మాత్రాన కుదరదు, మధ్యలో మార్చిపెట్టే కన్వర్టర్ ఉండాలి. పోయిన వారం గడియారం సెంటర్ దగ్గర దిగి ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అది వీజీఏను హెచ్‌డీఎంఐగా మార్చేది, నాకు కావలసిందానికి ఉల్టా. ఈ కన్వర్టర్లు ఒకవైపుకే పనిచేస్తాయి, తిప్పి పెడితే బొమ్మ రాదు. మర్నాడు మళ్లీ వెళ్లి "లాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, ప్రొజెక్టర్ వైపు వీజీఏ" అని విడమరిచి చెప్పి మార్చుకున్నాను. కొనేవాళ్లు ఎవరైనా ఇలా ఏది ఎటువైపో చెప్పే అడగాలి.

నిన్న సాయంత్రం స్టాఫ్‌రూంలో అంతా కలిపి చూశాను. బాగా వచ్చింది. బొమ్మ కొంచెం సాగినట్టు కనిపిస్తే లాప్‌టాప్‌లో రిజల్యూషన్‌ను, అంటే బొమ్మలో అడ్డం, నిలువు చుక్కల లెక్కను, 1024×768కి మార్చాను, ఈ ప్రొజెక్టరు కొలత అదే. తెలుగు అక్షరాలు వెనక బెంచీకి కూడా కనపడేలా పెద్దవి చేశాను. ఎందుకైనా మంచిదని అదే ఫైలును పీడీఎఫ్‌గా కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. వేరే కంప్యూటర్‌లో మన ఫాంటు లేకపోతే ఒత్తులు ఎక్కడివక్కడ చెదిరిపోతాయి.

ఒక్కటి మాత్రం చూడలేదు. స్టాఫ్‌రూంలో వాడింది చిన్న కేబుల్. పిల్లలందరూ పట్టే పెద్ద గదిలో ప్రొజెక్టరు ఎక్కడో మధ్యలో బల్ల మీద ఉంటుంది, లాప్‌టాప్ ముందు నా దగ్గర ఉంటుంది. దానికి స్టోర్‌రూంలో ఉన్న పొడుగు కేబుల్ కావాలి.

పొద్దున ఎనిమిదింటికే బడికి చేరాను. అప్పటికి అటెండర్ అన్న గేటు తీస్తున్నాడు. "ఏంది మేడం, గింత పొద్దుగాలనే వచ్చిన్రు?" అన్నాడు. సంగతి చెప్పగానే తనే జంపఖానాలు తెచ్చి తూర్పు కిటికీలకు కట్టాడు. గది చీకటైంది. పిల్లలు ప్రార్థన అయ్యాక బిలబిలా వచ్చి కింద కూర్చున్నారు.

ప్రొజెక్టర్ ఆన్ చేశాను. గోడంతా నీలం రంగు, మధ్యలో సిగ్నల్ లేదన్న మాట. రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి కంప్యూటర్‌కు మార్చాను. లాప్‌టాప్‌లో విండోస్ బటన్‌తో పాటు పీ నొక్కాను. నాలుగు దారులు వస్తాయి. లాప్‌టాప్ తెర ఒక్కటే, రెండింటి మీదా ఒకటే బొమ్మ, రెండూ కలిసి ఒకే పొడుగు తెర, ప్రొజెక్టర్ ఒక్కటే. క్లాసుకు నేను ఎప్పుడూ రెండోది పెడతాను, పిల్లల వైపు చూస్తూనే వాళ్లు ఏం చూస్తున్నారో నాకు తెలుస్తుంది.

బొమ్మ వచ్చింది. పసుపుపచ్చగా.

"గుడికి పసుపు పూసిన్రా టీచర్?" అని ముందు వరుసలో చిన్నోడు అడిగాడు. గడపకు పసుపు పూసినట్టే ఉంది నిజంగా. తెల్లగా ఉండాల్సిన చోటల్లా పసుపు, గుడి మీద ఆకాశం మసకగా నల్లబడి ఉంది. నాకు టెన్షన్ మొదలైంది. వెనక నుంచి హెడ్మాస్టర్ గారు తొంగిచూసి "ఏమైంది మేడం?" అన్నారు. రెండేళ్ల కింద ఒక ట్రైనింగ్‌లో ఇలాగే ఏదో వైరు కుదరక ముప్పావుగంట అందరం ఉత్తగా కూర్చున్నాం. చివరికి ఆ వచ్చినాయన బొమ్మలు లేకుండానే మాట్లాడి వెళ్లిపోయారు. ఎంత దూరం నుంచి వచ్చారో పాపం. అది గుర్తొచ్చి నా చేతులు చల్లబడ్డాయి.

అప్పుడు ఆకాశం వైపు మళ్లీ చూశాను. నీలంగా ఉండాల్సింది నల్లగా ఉంది. ఫొటో పక్కన పెట్టేసి తెల్లటి పేజీ తెరిచి మూడు గుండ్రాలు గీశాను, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. గోడ మీద ఎరుపు ఎరుపుగానే వచ్చింది, ఆకుపచ్చ ఆకుపచ్చగానే. నీలం గుండ్రం నల్లగా పడింది. తెల్ల పేజీ పసుపుగా ఉంది.

"తెల్లటి వెలుతురులోంచి ఏ రంగు తీసేస్తే పసుపు మిగుల్తది?" అని అడిగాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకబ్బాయి, డ్రాయింగ్‌లో ఎరుపు, ఆకుపచ్చ కలిపితే మట్టిరంగు వస్తది గదా అన్నాడు. రంగు డబ్బాలకు, వెలుతురుకు ఉన్న తేడా చెప్పడానికి నేను పోయినేడు రెండు పీరియడ్లు తీసుకున్నాను, అయినా సగం మందికి ఎక్కలేదు. ఈరోజు గోడే చెప్పింది. ఎర్ర వెలుతురు, ఆకుపచ్చ వెలుతురు కలిసి పసుపు అవుతుంది. మూడోది, నీలం, దారిలో ఎక్కడో ఆగిపోయింది.

"మరి ఎక్కడ ఆగింది?" అన్నాను. ఇక్కడే పిల్లలు నన్ను నిలబెట్టేశారు. "మీ లాప్‌టాప్‌ల తెల్లగనే ఉంది టీచర్" అని పక్కనున్నవాడు చూసి చెప్పాడు. అంటే లాప్‌టాప్ మంచిదే. ఆ వెంటనే నీడ గురించి అడిగిన అదే అమ్మాయి లేచింది. "ఇందాక గోడంత నీలంగ ఉండె గద టీచర్. అంటే ప్రొజెక్టర్ నీలం వేస్తది. తప్పు దాంట్ల లేదు."

నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్నల్ లేనప్పుడు ప్రొజెక్టర్ తనంతట తానే వేసుకునే నీలం అది. అంటే ప్రొజెక్టర్ కూడా మంచిదే. కన్వర్టర్ నిన్ననే చూశాను. మిగిలింది పొడుగు కేబుల్ ఒక్కటే. తొమ్మిదో తరగతి పిల్ల ఒక్క మాటతో దాన్ని పట్టుకుంది.

అన్నీ ఆఫ్ చేసి కేబుల్ ఊడదీసి ఫోన్ టార్చ్‌లో చూశాను. వీజీఏలో పై వరుసలో ఐదు పిన్నులుంటాయి. మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. మూడోదంటే సరిగ్గా నడిమిది, ఏ పక్కనుంచి లెక్కపెట్టినా అదే. ఆ నడిమి పిన్నే పక్కకు పడుకుని ఉంది. ఎవరో వంకరగా పెట్టి గట్టిగా నొక్కి ఉంటారు. నడిమి వరుసలో ఒక చోట అసలు పిన్నే లేదు గానీ దానికి భయపడనక్కర్లేదు, చాలా కేబుళ్లలో ఆ తొమ్మిదో పిన్ను ముందునుంచే ఉండదు. అటెండర్ అన్న పట్టుకారు తెస్తానన్నాడు. వద్దన్నాను, దాంతో పట్టి లాగితే విరిగిపోతుంది. పదో తరగతి అమ్మాయి దగ్గర పెన్ పెన్సిల్ తీసుకుని, ముల్లు లోపలికి పంపి, ఆ సన్నటి గొట్టాన్ని పిన్నుకు తొడిగి మెల్లగా పైకి లేపాను. రెండుసార్లు జారింది. మూడోసారి నిలబడింది. తిరిగి పెట్టి స్క్రూలు బిగించాను.

గోడ తెల్లబడింది. పిల్లలు కొట్టిన చప్పట్లకు పక్క క్లాసు సార్ పరుగెత్తుకొచ్చారు.

ఆ తర్వాత ఫొటోలు. ఎనిమిది, పదకొండు, నాలుగున్నర, మూడింటిలోనూ నీడ ఉన్నచోటే ఉంది. ఒకడు గోడ దగ్గరకొచ్చి స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాడు. ప్రొజెక్టర్ ముందు చీపురుకట్ట పట్టుకుని అటూ ఇటూ తిప్పించాను, కట్టతో పాటే నీడా తిరిగింది. మరి గుళ్లో ఎందుకు తిరగదు? గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు, బయట చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి వస్తుంది, సూర్యుడు ఎటు పోయినా ఆ వెలుతురు వచ్చే దారి మారదు. ఇది బోర్డు మీద గీసి చెప్పాను. సగం అర్థమైంది వాళ్లకు. మిగతా సగం అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది.

బెల్ కొట్టాక ప్రొజెక్టర్ ఆపాను. ఆపగానే ప్లగ్ పీకకూడదు, లోపలి దీపం బాగా వేడి మీద ఉంటుంది, ఫ్యాను దానంతట అది ఆగేదాకా ఉండాలి. పిల్లలు బల్ల చుట్టూ చేరి నాతో పాటు ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. "టీచర్, బస్సుల పోదాం పానగల్లుకు. ఆడపిల్లలకు టికెట్ లేదు గద" అంది ఆ అమ్మాయి.

ఆడపిల్లలు ముప్పై ఒక్కమంది. ఇరవై ఏడుగురు మగపిల్లలకు టికెట్ ఎంతవుతుందో రేపు కండక్టర్‌ను అడగాలి. కొత్త వీజీఏ కేబుల్ కూడా ఒకటి తేవాలి, ఆ పిన్ను ఇంకోసారి వంగితే నిలబడదు.