పేర్లు చూస్తే హడల్, స్కోరు చూస్తే జాలి

రాత్రి కరెంటు పోతే మేడ మీద బాబాయ్‌తో గొడవ, పలు దేశాల క్రికెటర్లని కలిపి కట్టిన వరల్డ్ ఎలెవన్ జట్లలో ఏది గొప్పదని. నాది 2005 జట్టు. లారా, ద్రవిడ్, కలిస్, ఫ్లింటాఫ్, మురళీధరన్... కాగితం మీద వణుకే! తీరా సిడ్నీలో ఆస్ట్రేలియా 210 పరుగుల తేడాతో ఉతికేసింది. నాకు గుర్తున్నది సెహ్వాగ్ కొట్టిన 76 ఒక్కటే.

బాబాయ్‌ది 1970 జట్టు. ఇంగ్లండ్‌ను 4-1తో ఓడించింది. లార్డ్స్‌లో సోబర్స్ 21 పరుగులకే 6 వికెట్లు తీసి, ఆపైన 183 కొట్టాడట.

"ఒరేయ్, వాళ్లు అయిదు మ్యాచ్‌లు కలిసి ఆడార్రా. మీవాళ్లకి ఒకరి పేరొకరికి అలవాటయ్యేలోపే ఆ ఒక్క టెస్టూ అయిపోయింది."

"ఆ అయిదింటికీ తర్వాత టెస్టు హోదా పీకేశారుగా బాబాయ్! మాది ఓడినా టెస్టే."

చెప్పు విసరడం ఒక్కటే తక్కువ. కరెంటు వచ్చింది, ఇద్దరం కిందికి దిగలేదు.